చచ్చిన కాలేజి, బ్రతికిన కాలేజి

పిల్లలను వెంటబెట్టుకొని చెన్నపట్టణమున ఎగ్మూరు మ్యూజియమునకు పోయితిమి. మా పెద్దలు దానిని చచ్చిన కాలేజి అనియు, జంతుశాలను బ్రతికిన కాలేజి అనియు పిలిచెడివారు. తమిళులు ‘సెత్త కాలేజి’, ‘ఉయిర్ కాలేజి’ అనెడివారు. ఈ మాట చెప్పగా, తిమింగిలపు అస్థిపంజరము ముందు నిలిచిన మా చిన్నది, "కాలేజీ అయితే చదువుకొనేవాళ్లు ఏరీ?" అని నిలదీసెను.

ప్రశ్న సబబైనదే. 1812లో కంపెనీవారు తమ ఉద్యోగులకు దేశభాషలు నేర్పుటకై సెంటు జార్జి కోట కాలేజిని నెలకొల్పిరి. 1817లో వచ్చిన సి. పి. బ్రౌనుదొర తెలుగు నేర్చినది ఆ కాలేజిలోనే. 1851లో ఆ కాలేజి మేడమీద, మదరాసు సాహిత్య సంఘమువారిచ్చిన 1,100 శిలాఖనిజములతో, డాక్టరు ఎడ్వర్డు బాల్ఫరు అధికారమున మ్యూజియము వెలసెను. 1854లో అది ఎగ్మూరులోని పాంథియను భవనమునకు తరలినది. కాలేజి పోయినను పేరుమాత్రము జనుల నోట నిలిచినది.

బాల్ఫరు లోకము తెలిసినవాడు. రాళ్లను చూడ రాని జనము, ఆవరణలోని పులిపిల్లను, చిరుతను చూచుటకు మూగుట గమనించెను. వెంటనే కర్ణాటక నవాబుగారిని ఒప్పించి వారి జంతువులనన్నిటిని తెప్పించెను. 1855లో మ్యూజియము చెంతనే జంతుశాల ఏర్పడెను. 1863లో దానిని పీపుల్సు పార్కునకు మార్చిరి. 1985లో అది వండలూరున తెరువబడినది. అనగా రెండు కాలేజీలును ఒక తల్లి బిడ్డలే!

మూడవ బిడ్డయు ఒకటి కలదు. మ్యూజియము సూపరింటెండెంటుగా నుండిన ఎడ్గారు థర్‌స్టను సంకల్పముతో, 1909 అక్టోబరు 21న, మెరీనా తీరమున చేపల ప్రదర్శనశాల తెరువబడెను. మన దేశమున అట్టిది అదియే మొదటిది. 1919లో మత్స్యశాఖకు అప్పగింపబడువరకు అదియు మ్యూజియము పాలనలోనే యుండెను. ఈనాటి పిల్లలు చేపలను చూడవలెనన్న తూర్పుతీరపు రోడ్డున గాజుసొరంగమునకు పోవలసినదే. మేమును సాయంకాలము పోయితిమి. తలపై ఈదు చేపలను చూచి పిల్లలు కేరింతలు కొట్టిరి. ఉదయము అమరావతి శిల్పముల యెదుట వారిని నిమిషమైనను నిలుపలేకపోతిమి. ఆ పాలరాళ్లు మన కృష్ణాతీరమునుండి వచ్చినవని ఎంత చెప్పినను వినలేదు. బాల్ఫరు ఎరిగిన సంగతియే ఇది.

అయినను తిరుగుబండిలో మా చిన్నది చేపల ఊసెత్తలేదు. ఆ తిమింగిలము బ్రతికియున్నప్పుడు ఏమి తినెడిదని అడుగుచుండెను.