నాన్నగారి కారు పనిముట్ల సంచి

మా నాన్నగారి అంబాసిడర్ కారు అమ్మేసి పద్దెనిమిదేళ్లు దాటింది. కారు పోయింది కానీ, దాని పనిముట్ల సంచి మాత్రం అమ్మ దగ్గరే ఉండిపోయింది. కారు అప్పగించే రోజున అది డిక్కీలో లేదు. గ్యాస్ స్టవ్ నాబ్ బిగుసుకుపోతే తిప్పడానికని అమ్మ అంతకు ముందే వంటింట్లోకి తెచ్చుకుంది. కొనుక్కున్నతను అడగలేదు, మేమూ గుర్తు చేయలేదు. ఖాకీ గుడ్డతో కుట్టిన సంచి అది. పరిస్తే తొమ్మిది అరలు, చుట్టి తాడు కడితే చపాతీ కర్రంత.

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, హైదరాబాద్‌లో ఒకాయన పాత అంబాసిడర్‌ని కొత్తదానిలా చేయించుకుంటున్నాడట. మన సంచి కొంటానంటున్నాడు. ఆదివారం తెనాలి వస్తాడు, నువ్వూ రా" అన్నాడు. పాత సామాన్ల బండివాడికి కేజీల లెక్కన వేసే పానాల కోసం ఇంత దూరం వచ్చే మనిషి కూడా ఉంటాడా అని నాకు నవ్వొచ్చింది. ఆ వారమంతా మధ్యాహ్నం పనయ్యాక వీటి గురించే చదువుతూ కూర్చున్నాను. చదివినకొద్దీ నవ్వు తగ్గింది.

ఈ కథ మొదలయ్యేదే ఒక ఆడమనిషితో. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. బండి తయారైంది కానీ, జనానికి దాని మీద నమ్మకం కుదరలేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకి చెప్పకుండా ఇద్దరు మగపిల్లల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి, వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఆ బండిలో బయల్దేరింది. ఎక్కడికనుకున్నారు? పుట్టింటికి! దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. కరెంటు తీగ ఒరుసుకుపోతే మేజోళ్లకి కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. గొలుసు పని కమ్మరితో చేయించుకుంది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించింది. వీస్‌లోఖ్ అనే ఊళ్లో మందుల షాపులో, బట్టల మరకలు పోగొట్టే ద్రావకం కొని ఇంధనంగా పోసింది. నా లెక్కలో ప్రపంచంలో మొదటి కారు టూల్ కిట్ అంటే ఆ పిన్నూ, ఆ పట్టీనే. పిన్నీసుతోనూ రబ్బరు బ్యాండుతోనూ మనం ఇల్లు నడపడం లేదూ?

ఆ తర్వాత కార్ల కంపెనీలే పనిముట్లు ఇవ్వడం మొదలుపెట్టాయి. వీధికో మెకానిక్ షెడ్డు ఉండే కాలం కాదది. కారున్నవాడే దాని మెకానిక్కు, లేదా జీతానికి పెట్టుకున్న డ్రైవరు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర ఫోర్డ్ మోడల్ టి కార్లు తయారయ్యాయి. వాటితో పానాలు, కటింగ్ ప్లేయరు, స్క్రూ డ్రైవరు, జాకీ, గాలి పంపు, టైరు ఊడదీసే ఇనప పట్టీలు వచ్చేవి. చాలా వాటి మీద ఫోర్డ్ పేరు కలిపిరాతలో పోతపోసి ఉంటుంది. ఏ ఏడాది పానా ఏ ఆకారంలో ఉండేదో చూసుకుని, తమ కారు ఏడాదికి సరిపోయేవే వెతుక్కునే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన అమ్మమ్మల కాసుల పేరులో కొత్త కాసు కలిస్తే ఇట్టే కనిపెట్టేసే పెద్దవాళ్లు ఉండేవారు చూడండి, అలాగే వీళ్లూను.

కారు స్టార్ట్ చేయడానికి ముందు నిలబడి హ్యాండిల్ తిప్పాల్సిందే. ఇంజను ఎదురు తిరిగితే చెయ్యి విరిగేది. అందుకే బొటనవేలు కూడా మిగతా నాలుగు వేళ్ల వైపే పెట్టి పట్టుకోవాలి, పిడికిలి బిగించకూడదు. నాన్న తమ్ముడికి నేర్పుతుంటే వరండాలో కూర్చుని విన్నాను. నాకు నేర్పలేదు, ఆ సంగతి ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది. చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన కరెంటు స్టార్టరు 1912లో కాడిలాక్ కారులో వచ్చింది. ఆడవాళ్లు స్టీరింగు పట్టడానికి అదే దారి తెరిచిందని చాలామంది రాస్తారు. దానికంటే ముందే పట్టినవాళ్లూ ఉన్నారు. లండన్‌లో టైపిస్టు ఉద్యోగం చేస్తూ కార్ల పందేల్లోకి వచ్చిన డొరోతీ లెవిట్, 1909లో ఆడవాళ్ల కోసమే కారు గురించి ఒక పుస్తకం రాసింది. ఏ భాగం ఎలా పనిచేస్తుంది, చెడితే ఎలా చూసుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. సీటు కింద అరలో గ్లౌజులు, పిన్నులు, చాక్లెట్లతో పాటు పిడి ఉన్న చిన్న అద్దం కూడా పెట్టుకోమని, వెనక వచ్చే బండ్లని అందులో చూసుకోమని చెప్పింది. కార్లకి వెనక చూసే అద్దాలు మామూలు కావడానికి చాలా ముందు మాట ఇది.

మనం స్టెప్నీ అంటామే, అదీ ఈ కాలంలోదే. అప్పట్లో కార్లకి అదనపు చక్రం ఉండేది కాదు. 1904లో వేల్స్‌లోని లానెల్లి ఊళ్లో డేవీస్ అన్నదమ్ములు, పంక్చరైన చక్రానికి పక్కనే బిగించుకునే టైరు చట్రం ఒకటి తయారుచేశారు. వాళ్ల దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ వీధి పేరు తెనాలి టాక్సీ స్టాండు దాకా వచ్చేసింది!

ధనవంతుల కార్లలో పనిముట్లకీ దర్జానే. జాగ్వార్ మార్క్ 2లో గుండ్రటి డబ్బా ఒకటి స్టెప్నీ చక్రం మధ్యలో సరిగ్గా ఇమిడేది, లోపల ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే గూడు. పాత ఫెరారీ సంచులైతే వేలంలో వేల డాలర్లు పలుకుతాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంది చూశారా, 1912 నాటిది? మేం వెళ్లినప్పుడు అందరూ లోపలి సింహాసనం లాంటి సీటు చూస్తున్నారు. ఇప్పుడు వెళితే మాత్రం దాని పనిముట్లు ఎక్కడ ఉండేవా అని వెతుకుతాను.

ఇక ఇందులో నన్ను బాగా తికమక పెట్టింది పానాల మీది గుర్తులు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరలకి ఒక కొలత పద్ధతి ప్రతిపాదించాడు. ఆ పద్ధతి పానా మీద డబ్ల్యు అని ఉంటుంది. దాని మీద 1/2 అని రాసి ఉంటే అది బోల్టు కాడ మందం. పానా నోరు మాత్రం ఇంచుమించు అంగుళం దాకా ఉంటుంది. ఎ.ఎఫ్. అని ఉన్న పానా మీద 1/2 అంటే నట్టు ఎదురెదురు అంచుల మధ్య కొలత, నోరు సరిగ్గా అర అంగుళమే. ఇక ఫియట్ లాంటి కార్లవి మిల్లీమీటర్లు. సోలా, తవ్వ, గ్లాసు కలిపి బియ్యం కొలిచినట్టే ఉంటుంది వ్యవహారం. కానీ విలువ కట్టేవాళ్లకి ఇదే ఆధారం. ఒకే కారు సంచిలో డబ్ల్యూ, మిల్లీమీటర్లూ కలిసి ఉన్నాయంటే ఎక్కడో చేతులు మారాయన్నమాట.

ఇంకొకటి తెలిసింది. పాత పనిముట్లని ఇత్తడి బిందెలా చింతపండు పెట్టి తోమకూడదు. యాసిడ్‌లో ముంచకూడదు, రంగు వేయకూడదు. కిరోసిన్ గుడ్డతో తుడిచి సన్నగా నూనె రాస్తే చాలు. మొదట్లో కంపెనీ వేసిన పూత ఎంత మిగిలితే అంత విలువ. గుడ్డ సంచికీ అంతే, చిరిగిన పాతదానికున్న గిరాకీ కొత్తగా కుట్టించినదానికి ఉండదు. అన్నిటికంటే ముఖ్యం పూర్తిగా ఉండటం. తొమ్మిదీ ఉంటే ఒక ధర. ఒక్కటి పోతే తొమ్మిదో వంతు కాదు తగ్గేది, చాలా ఎక్కువ. పోపుల డబ్బాలో ఒక గిన్నె పోయి, దాని చోట స్టీలు గిన్నె పెట్టామనుకోండి, మనకి వంట ఆగదు. కానీ అది ఇక ఆ డబ్బా కాదు.

ఆదివారం ఆయన వచ్చారు. అరవై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. కాఫీ తాగాక నేల మీద పేపరు పరిచి సంచి విప్పారు. ఒక్కొక్కటీ తీసి, కళ్లజోడు పైకెత్తి గుర్తులు చదివారు. నాలుగు పానాల్లో రెండింటి మీద ఎ.ఎఫ్. ఉంది, సరైనవే. మూడోది మిల్లీమీటర్లది. "ఇది ఫియట్‌ది అమ్మా, ఏ షెడ్డులోనో మారిపోయుంటుంది" అన్నారు. నాలుగోదాని మీద ఏ గుర్తూ లేదు. ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా, సుత్తి దెబ్బలు కనిపిస్తూ ఉంది. దాన్ని పక్కన పెట్టేశారు. "ఇది కిట్‌లోది కాదు. దీనికి ధర రాదు."

అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇది ఆయన విజయవాడ ఆటోనగర్‌లో చేయించింది బాబూ" అంది. మాకెవరికీ తెలియని సంగతి అప్పుడు చెప్పింది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాన్న కారు నిండా బియ్యం, పాత బట్టలు వేసుకుని స్నేహితులతో రేపల్లె వైపు వెళ్లారట. దారిలో బియ్యం లారీ ఒకటి ఆగిపోయి ఉంటే, డ్రైవరు అడిగాడని పానా ఇచ్చారు. ఆ గందరగోళంలో లారీ కదిలిపోయింది, పానా దాంతోనే పోయింది. తర్వాత పాత కమాను పట్టా ముక్కతో ఇది చేయించుకున్నారు. "ఆ లారీ వాడు తిరిగిస్తాడని ఏడాది చూశారు" అని అమ్మ నవ్వింది.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ధర చెప్పారు. సంచి, ఎ.ఎఫ్. పానాలు రెండు, ప్లగ్ పానా, టామీ రాడ్, స్క్రూ డ్రైవరు, కటింగ్ ప్లేయరు అన్నిటికీ కలిపి మా నాలుగు గ్యాస్ బండల ఖర్చంత. మొత్తం సరిగ్గా ఉంటే దానికి మూడింతలు ఇచ్చేవాణ్ని అన్నారు.

నాకు ఇవ్వాలని లేదు. వారం రోజులు చదివాను కదా, అది నా సొత్తయినట్టు అనిపించింది. "అమ్మా, ఉంచేసుకుందాం" అన్నాను.

"ఉంచుకుని ఏం చేస్తావే? నీకు కారుందా, డిక్కీ ఉందా? ఆయన బండిలో ఉంటే వాడతారు" అంది. అమ్మకి అభ్యంతరం ఒక్క కటింగ్ ప్లేయరు దగ్గరే వచ్చింది. అది ఇవ్వనంది. కుక్కర్ పిడి మరలు, స్టవ్ నాబు, కొబ్బరికాయ పీచు, అన్నీ దాంతోనే చేస్తుందట. దాని మీద కంపెనీ గుర్తు ఉంది, అది లేకపోతే తనకి సంచి దండగ అని ఆయన. పావుగంట బేరం నడిచింది. చివరికి తమ్ముడు బజారుకెళ్లి కొత్త కటింగ్ ప్లేయరు తెచ్చాడు, డబ్బులు ఆయనే ఇచ్చారు.

సంచి వెళ్లిపోయింది. ఫియట్ పానాని తమ్ముడు తీసుకున్నాడు. ఆటోనగర్ పానా వంటింట్లో చెంచాల సొరుగులో, అట్లకాడ పక్కన ఉంది. కొత్త కటింగ్ ప్లేయరు పిడి చేతికి సరిపోవడం లేదని అమ్మ నిన్న కూడా ఫోన్‌లో సణిగింది.