అదృష్టం, నైపుణ్యం, మధ్యలో పందెం

నలోపాఖ్యానంలో పాచికలాట రెండుసార్లు వస్తుంది. మొదటిసారి నలుడు పుష్కరుడి చేతిలో ఓడి రాజ్యం పోగొట్టుకుంటాడు. ఋతుపర్ణుడి వద్ద అక్షహృదయ విద్య నేర్చుకున్న తర్వాత అదే పుష్కరుడితో మళ్ళీ ఆడి గెలుస్తాడు. ఆట అదే, ఆటగాడికి విద్య అబ్బింది. నన్నయ అరణ్యపర్వం ద్వారా తెలుగువారికి అందిన ఈ కథలో ఒక పాత ప్రశ్న ఉంది: జూదంలో విధి ఎంత, విద్య ఎంత? లాటరీ డ్రా కలిగించే ఉత్కంఠనూ, వీడియో ఆటల పోటీ కలిగించే ఉత్కంఠనూ పోల్చి చూడాలంటే ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

లాటరీ డ్రా చాలాకాలం బహిరంగ వేడుకగా సాగింది. ఓడరేవుల మరమ్మతుల కోసం మొదటి ఎలిజబెత్ రాణి ప్రకటించిన లాటరీ డ్రా 1569 జనవరి 11న లండన్‌లోని సెయింట్ పాల్ చర్చి వాకిట మొదలై మే నెల దాకా నడిచింది. పద్దెనిమిదో శతాబ్దంలో రెండు పెద్ద చక్రాలు ఉండేవి. ఒకదానిలో టికెట్ల అంకెలు, రెండోదానిలో బహుమతి చీటీలు, ఖాళీ చీటీలు వేసి, ధర్మపాఠశాల బాలుర చేత తీయించేవారు. చీటీ తీసే చేతిపై ఎవరికీ అనుమానం కలగకూడదన్నది ఉద్దేశం. బ్రిటన్‌లో ప్రభుత్వ లాటరీలు 1826తో ఆగిపోయాయి. కలకత్తాలో మాత్రం 1817లో ఏర్పడిన లాటరీ కమిటీ ఆ ఆదాయంతో వీధులు వేయించింది, చెరువులు తవ్వించింది. ఎక్కడైనా టికెట్ కొన్నవాడు చేయగలిగింది ఎదురుచూడటమే. డ్రా ఉత్కంఠ అంతా ఆ నిస్సహాయమైన నిరీక్షణలోనే ఉంది.

వీడియో ఆటల పోటీల చరిత్ర ఇందుకు భిన్నమైనది. 1972 అక్టోబరు 19న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు కృత్రిమ మేధ ప్రయోగశాలలో ‘స్పేస్‌వార్’ పోటీ జరిగింది. బహుమతి ‘రోలింగ్ స్టోన్’ పత్రికకు ఏడాది చందా. 1980లో అటారీ సంస్థ అమెరికాలో నిర్వహించిన ‘స్పేస్ ఇన్వేడర్స్’ పోటీలో పదివేల మందికి పైగా పాల్గొన్నారు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ-క్రీడలకు పతకాలు ఇచ్చారు. ఇక్కడ ఓడినవాడికి తాను ఎక్కడ తప్పు చేశాడో తెలుస్తుంది. సాధన చేసి మళ్ళీ రావచ్చు. లాటరీలో ఖాళీ చీటీ వచ్చినవాడు దాని నుంచి నేర్చుకోగలిగింది ఏమీ లేదు.

అయితే మెదడులో ఈ తేడా అంత స్పష్టంగా కనిపించదు. 1998లో లండన్ పరిశోధకులు ట్యాంకు నడిపే వీడియో ఆట ఆడుతున్నవారి మెదడులో డోపమైన్ విడుదల పెరగడాన్ని పెట్ స్కాన్ ద్వారా గమనించారు. 2003లో వెలువడిన మరో పరిశోధన కోతులపై జరిగింది. బహుమతి వచ్చే అవకాశం సగానికి సగం ఉన్నప్పుడు, అంటే అనిశ్చితి అత్యధికంగా ఉన్నప్పుడు, నిరీక్షణ సమయంలో డోపమైన్ కణాల చైతన్యం కూడా అత్యధికంగా ఉంది. ప్రయత్నమూ, నిరీక్షణా రెండూ ఒకే రసాయనంతో ముడిపడి ఉన్నాయి.

వ్యాపారానికి ఈ ముడి ఉపయోగపడింది. 1975లో ఎలెన్ లాంగర్ ప్రచురించిన ప్రయోగంలో ఒక డాలరు లాటరీ టికెట్టును తామే ఎంచుకున్నవారు, దాన్ని తిరిగి అమ్మడానికి సగటున 8.67 డాలర్లు అడిగారు. ఇచ్చిన టికెట్టు తీసుకున్నవారు 1.96 డాలర్లే అడిగారు. ఎంచుకున్నంత మాత్రాన గెలిచే అవకాశం పెరగదు. అయినా తన చేయి పడిందన్న భ్రమ కలిగింది. వీడియో ఆటల్లో ఇది తలకిందులుగా జరిగింది. నైపుణ్యంతో ఆడే ఆటల్లోకి, డబ్బు కట్టి తెరిచే ‘లూట్ బాక్సులు’ వచ్చాయి. లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. కొన్ని ఆటల్లోని ఇటువంటి పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ తేల్చింది.

భారతదేశంలో ఈ విభజనకు ఒక ముఖ్యమైన ఆధారం తెలుగు నేల నుంచే వచ్చింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, మూడు ముక్కలాట వలె రమ్మీ కేవలం అదృష్టంపై నడిచేది కాదని, పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి కనుక అది ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని తీర్పు చెప్పింది. ఆన్‌లైన్ రమ్మీ సంస్థలు దశాబ్దాల తర్వాత ఈ తీర్పునే అండగా చేసుకున్నాయి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఈ-క్రీడలను గుర్తించి, అదృష్టమైనా నైపుణ్యమైనా సరే, డబ్బు పందెంగా సాగే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది.

ఆట స్వభావం ఏమిటన్న ప్రశ్న నుంచి, ఆటలో పందెం ఏమిటన్న ప్రశ్నకు చట్టం చేరుకుంది. నలుడి కథ ఆ సంగతిని ముందే చూపింది. అక్షహృదయం నేర్చిన తర్వాత అతడు గెలిచాడు, నిజమే. అయితే విద్య లేని రోజున పందెంలో రాజ్యం పోయింది, భార్యాబిడ్డలు దూరమయ్యారు. పిల్లవాడు ఫోనులో ఏ ఆట ఆడుతున్నాడని అడిగే తల్లిదండ్రులు, ఆ ఆటలో ఏమి ఒడ్డుతున్నాడని కూడా అడగవలసి ఉంటుంది.