షేక్, సయ్యద్, మస్తాన్, సైదులు: మన పేర్ల వెనుక కథ

తెలుగు ముస్లింల పేరు వింటే చాలాసార్లు ఊరు, వంశం, తాతల నమ్మకం మూడూ తెలిసిపోతాయి. అరబ్బీ, ఫార్సీ, తుర్కీ, తెలుగు మాటలు నాలుగూ ఒకే పేరులో కలిసి ఉండటం మన దగ్గర మామూలే. బిడ్డకు పేరు పెట్టేముందు, పెట్టిన పేరు కాగితాల్లో రాయించేముందు తెలుసుకోవాల్సిన సంగతులు ఇవి.

ఇంటిపేరులా నిలిచిన బిరుదులు

షేక్ అంటే అరబ్బీలో పెద్దవాడు, గౌరవించదగినవాడు. సయ్యద్ అనేది ప్రవక్త (స) వంశానికి చెందినవారమని చెప్పుకునే కుటుంబాల పేరు. పఠాన్, ఖాన్ అఫ్ఘాన్ మూలాన్ని సూచిస్తాయి. ఖాన్ మొదట తుర్కీ, మంగోల్ పాలకుల బిరుదు. మీర్జా ఫార్సీ మాట, అమీర్ కొడుకు అని అర్థం. బేగ్ తుర్కీ మాట, దాని స్త్రీ రూపమే బేగం.

తెలుగువాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు కదా, మనవాళ్లూ అదే అలవాటు చేసుకున్నారు. అందుకే కోస్తాలో షేక్ కరీముల్లా, షేక్ రహీమున్నీసా అని బిరుదు ముందు వస్తుంది. దూదేకుల కుటుంబాల్లో చాలామందికి అచ్చ తెలుగు ఇంటిపేర్లే ఉంటాయి. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా పేరే చూడండి: అరబ్బీ బిరుదుకూ మౌలానాకూ మధ్య తెలుగు 'చిన' కూర్చుంది. ఒకే ఇంట్లో తాత పేరు మనవడికి పెట్టినప్పుడు పెద మస్తాన్, చిన మస్తాన్ అని పిలుచుకోవడం కూడా ఇలాంటిదే.

దర్గాల నుంచి వచ్చిన పేర్లు

నాగూర్ బాషా, నాగూర్ బీ అనే పేర్లు తమిళనాడులోని నాగూర్ దర్గా మీది భక్తితో పెట్టినవి. దస్తగిరి అంటే ఫార్సీలో చేయి పట్టుకుని ఆదుకునేవాడు, ఇది బాగ్దాద్ సూఫీ అబ్దుల్ ఖాదిర్ జీలానీ బిరుదు నుంచి వచ్చింది. ఖాజా అనగానే అజ్మీర్, గుల్బర్గా గుర్తొస్తాయి. నల్లగొండ, సూర్యాపేట వైపు సైదులు అనే పేరుకు జాన్‌పహాడ్ దర్గాతో సంబంధం ఉంది. ఆ పేరు ముస్లిం ఇళ్లలోనే కాదు, హిందూ ఇళ్లలోనూ వినిపిస్తుంది. పీర్ల పండుగ జరిగే పల్లెల్లో హుస్సేనమ్మ అనే పేరు కూడా అంతే.

ఇప్పటి తల్లిదండ్రులు చాలామంది ఈ పేర్లు పక్కనపెట్టి జైద్, రేహాన్, ఆయెషా వంటివి ఎంచుకుంటున్నారు. అది వాళ్ల ఇష్టం. కానీ తాత పేరు పాతదని వదిలేసే ముందు, ఆ పేరు ఎందుకు పెట్టారో నానీమా, దాదీమాలను ఒకసారి అడిగితే మంచిది. వాళ్లు పోయాక చెప్పేవాళ్లు ఉండరు.

ధర్మం ఏమంటుంది?

ఏడో రోజు అఖీఖా చేసి పేరు పెట్టడం సున్నత్. మంచి అర్థం ఉన్న పేరు పెట్టమని హదీసులు చెబుతాయి, అబ్దుల్లా, అబ్దుర్రహ్మాన్ పేర్లను అల్లాహ్‌కు ఇష్టమైనవిగా పేర్కొంటాయి. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. 'అబ్దుల్' ఒక్కటే పూర్తి పేరు కాదు, 'ఫలానావారి దాసుడు' అనే మాటలో సగమే. అబ్దుల్ ఒక గడిలో, రహ్మాన్ ఇంకో గడిలో రాయిస్తే అర్థం తెగిపోతుంది. పెళ్లయ్యాక భార్య తన పేరు మార్చుకోవాలన్న నియమం కూడా ఇస్లాంలో లేదు.

కాగితాల్లో జాగ్రత్త

పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎం.డి., ఆధార్‌లో మహమ్మద్, పాస్‌పోర్టులో మొహమ్మద్, ఒకచోట ఎస్.కె., మరోచోట షేక్. ఇలా ఉంటే ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. హజ్ దరఖాస్తు, గల్ఫ్ వీసా, బ్యాంకు ఖాతా దగ్గర చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయించాలి. అప్పటికి పేరు పెట్టకపోయినా ఫర్వాలేదు, నమోదైన 12 నెలల్లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల వరకు అవకాశం ఉంటుంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం, ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ వంటి వాటికి పుట్టిన తేదీ, చోటు రుజువు జనన ధ్రువపత్రమే.

అందుకే ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒకటే ఖాయం చేసుకుని, తండ్రి ఆధార్‌లో ఇంటిపేరు ఎలా ఉందో చూసి, పొట్టి అక్షరాలు కాకుండా పూర్తిగా రాయించండి. బిడ్డ పేరు, దాని అర్థం, పెట్టిన కారణం, తాత ముత్తాతల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంచితే రేపు పిల్లలకు కాగితంతోపాటు కథ కూడా మిగులుతుంది.