గోచీ, పిల్లి, ఆవు... ఓ గ్రాఫిక్స్ కార్డు

మొన్న ఆదివారం గుంటూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. బీటెక్ మూడో సంవత్సరం వాడు. "మామయ్యా, ఇంట్లో డెస్క్‌టాప్‌కి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. గేమ్స్ కోసం కాదు, ఒట్టు. చిన్న చిన్న ఏఐ మోడల్స్ సొంతంగా ట్రెయిన్ చేసి చూడాలి" అన్నాడు. ఏ కార్డురా అంటే చెప్పాడు. ధర చూశాను. మా అక్క వాడికి ఏడాదికి కట్టే కాలేజీ ఫీజు కంటే ఎక్కువ!

చూసి చెప్తాలే అని ఫోన్ పెట్టేశాను గానీ, నా బుర్ర 2006లోకి వెళ్ళిపోయింది.

అప్పుడు నాది మూడేళ్ళ పాత అసెంబుల్డ్ పీసీ. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటీ మారిస్తే చాలు, ఇంకో రెండేళ్ళు లాగించెయ్యొచ్చని ఓ ఏడు వేలు జేబులో పెట్టుకుని సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళాను. షాపతను నా మదర్‌బోర్డు సంగతి కనుక్కుని, "ఏజీపీ స్లాటా సార్? వాటికి మంచి కార్డులు రావట్లేదు, పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కి మారిపోండి" అన్నాడు. మారాలంటే మదర్‌బోర్డు మార్చాలి. కొత్త బోర్డులో పాత ప్రాసెసర్ పట్టదు. పాత డీడీఆర్ ర్యామ్ డీడీఆర్-2 స్లాటులో దూరదు. ఇన్నీ మార్చాక పాత ఎస్ఎంపీఎస్ కరెంటు సరిపోదు. పాతవి తీసుకోమంటే ఎవడూ తీసుకోడు. అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి. ఏడు వేలతో వెళ్ళినవాణ్ణి పాతిక వేల బిల్లుతో ఇంటికొచ్చాను.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని, ఆవుని చూసుకోవడానికి పెళ్ళాన్ని తెచ్చుకున్న సన్యాసి కథ మా తాతయ్య చెబుతుంటే చిన్నప్పుడు తెగ నవ్వేవాణ్ణి. ఆ సన్యాసి కష్టం ఆ రోజు అర్థమైంది :)

అసలు పీసీ పుట్టిందే దీనికి సరిగ్గా వ్యతిరేకమైన మాట మీద. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు, తెర మీద బొమ్మ చూపించే సరంజామా మదర్‌బోర్డు మీద లేనే లేదు. ఐదు స్లాట్లు ఇచ్చి, కావలసింది తగిలించుకోమన్నారు. అక్షరాలు చాలనుకున్నవాళ్ళకి ఎండీఏ కార్డు. రంగులు కావాలనుకుంటే సీజీఏ కార్డు, 320x200లో నాలుగు రంగులు. ఒక్క కార్డు పీకి ఇంకోటి పెట్టుకో, మిగతా పెట్టె జోలికి వెళ్ళక్కర్లేదు. అదీ ఒప్పందం.

ఆ ఒప్పందాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. స్లాటుని మారుస్తూ పోయారంతే. 1984లో ఐఎస్ఏ 16 బిట్లయ్యింది. 1992లో వీఎల్‌బీ, పీసీఐ రెండూ వచ్చాయి. 1997లో ఏజీపీ బోర్డులొచ్చాయి. ఆ ఏజీపీలో కూడా ముందు 3.3 వోల్టులు, తర్వాత 1.5, తర్వాత 0.8. 2004లో పీసీఐ ఎక్స్‌ప్రెస్. కారణాలు లేవని కాదు, కార్డుల వేగానికి పాత దారులు నిజంగానే ఇరుకయ్యాయి. కానీ దారి వెడల్పు చేసిన ప్రతిసారీ ఇల్లు కూలింది మనదే.

న్యాయంగా చెప్పాలంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్‌తో ఆ గొడవ చాలావరకు తీరిపోయింది. ఇరవై ఏళ్ళు దాటినా ఆ స్లాటు ఆకారం మారలేదు, పాత బోర్డులో కొత్త కార్డు ఎక్కుతుంది. హమ్మయ్య అనుకునేలోపు కరెంటు సమస్య వచ్చింది. ఆ స్లాటు ఇవ్వగలిగేది 75 వాట్లు. 2006 నవంబర్లో వచ్చిన జీఫోర్స్ 8800 జీటీఎక్స్‌కి అది చాలక రెండు కేబుళ్ళు అదనంగా తగిలించాల్సి వచ్చింది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 ఒక్కటే 575 వాట్లు తాగుతుంది. మళ్ళీ ఎస్ఎంపీఎస్ మార్చాలి, దాన్ని పట్టే క్యాబినెట్ చూసుకోవాలి. ఆవుకి పాక వెయ్యాలన్నమాట.

ఇక ధర. అప్పటి ఆ 8800 జీటీఎక్స్ 599 డాలర్లు. ఇప్పటి 5090, అమెరికాలో విడుదల ధరే 1,999 డాలర్లు. అప్పుడు డాలరు దాదాపు 45 రూపాయలు, ఇప్పుడు 85 దాటింది. ద్రవ్యోల్బణం తీసేసి చూసినా రెట్టింపు కంటే ఎక్కువే. కంపెనీల దురాశ అనేసి ఊరుకోవచ్చు. నాకు మాత్రం అసలు సంగతి వేరే అనిపిస్తుంది. ఈ సరుకుకి కొనుగోలుదారు మారిపోయాడు.

1996 సంగతి చూడండి. త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ళ వూడూ చిప్ ముందు గేమ్ పార్లర్ల మెషిన్ల కోసం అనుకున్నది. ఆ ఏడాది మెమరీ చిప్‌ల ధరలు పడిపోవడంతో, 4 ఎంబీ మెమరీతో మామూలు ఇంటి పీసీకి అమ్మగలిగే కార్డుగా మారింది. ఇంట్లో త్రీడీ గేములు ఊపందుకున్నది దాంతోనే. అంటే మెమరీ చవకైతే లాభపడింది మనం.

2012లో ఇంకో విచిత్రం. టొరంటో విశ్వవిద్యాలయంలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్‌స్కెవర్, జెఫ్రీ హింటన్ కలిసి చేసిన అలెక్స్‌నెట్ బొమ్మల్ని గుర్తుపట్టే పోటీలో అందర్నీ చిత్తు చేసింది. దాన్ని ట్రెయిన్ చేసింది సూపర్ కంప్యూటర్ మీద కాదు. 3 జీబీ మెమరీ ఉన్న రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీద, ఐదారు రోజుల్లో. గేములాడుకునే కుర్రాళ్ళు కొనుక్కునే కార్డులవి! ఇవాళ్టి ఏఐ హడావిడికి అదో పెద్ద మలుపు. ఓ విద్యార్థి చేతికి అందే కార్డు కాబట్టే అది సాధ్యమయ్యింది.

తర్వాత ఏమైందో తెలిసిందే. ముందు క్రిప్టో మైనింగ్ వాళ్ళు వచ్చి కార్డులు ఊడ్చుకుపోయారు. 2022 సెప్టెంబర్లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయింది, ఇక మన వంతు అనుకున్నాం. రెండు నెలలకే చాట్‌జీపీటీ వచ్చింది. 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో ఎన్విడియా ఆదాయం 130 బిలియన్ డాలర్లయితే, అందులో 115 బిలియన్లు డేటా సెంటర్లవే. గేమింగ్ వాటా 11 బిలియన్లు. కంపెనీని పెంచిన మనం ఇప్పుడు పంక్తి చివర్లో విస్తరి వేసుకుని కూర్చున్నాం.

మెమరీ కథ కూడా తిరగబడింది. 2025 చివర్లో డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఆకాశానికెక్కాయి. మామూలు జనానికి క్రూషియల్ పేరుతో ర్యామ్ అమ్మే వ్యాపారాన్నే మూసేస్తామని ఆ డిసెంబర్లో మైక్రాన్ ప్రకటించింది. 1996లో మన ఇంటికొచ్చిన లక్ష్మి వీధి దాటి వెళ్ళిపోయినట్టుంది.

క్లౌడ్‌లో గంటల లెక్కన అద్దెకి దొరుకుతుంది కదా అంటారు. నిజమే, నేనూ ఆఫీసులో చేసేది అదే. కానీ 1981కి ముందూ అంతే కదా? ఎక్కడో పెద్ద మెషిన్, దాని మీద మనకి గంటల లెక్కన వాటా. అది వద్దనే కదా పీసీ వచ్చింది! అద్దె మీటరు తిరుగుతుంటే కుర్రాడు తప్పులు చెయ్యడానికి భయపడతాడు. తప్పులు చెయ్యకుండా ఎవడు నేర్చుకున్నాడు?

సాయంత్రం వాడికి ఫోన్ చేశాను. "ఒరేయ్, ఆ కార్డు మరిచిపో. 12 జీబీ ఉన్న పాత 3060 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వెతుకు, సగం నేనిస్తా. అలెక్స్‌నెట్ చేసిన రెండు కార్డుల మెమరీ కలిపినా దానికి రెట్టింపు ఉంటుంది" అన్నాను.

"సరే మామయ్యా" అని కాసేపాగి, "ఎస్ఎంపీఎస్ కూడా మార్చాలేమో కదా?" అన్నాడు.

పిల్లి వచ్చేసింది. ఆవు కోసం చూస్తున్నాను.