చాంగీ తీరాన మత్స్య పరిశోధన: దాత అవసరం, గ్రహీత అవసరం

1965 ఆగస్టులో స్వతంత్ర దేశమైన సింగపూరుకు సాగుభూమి తక్కువ, సొంతమని చెప్పుకోదగిన సముద్రం ఇంకా తక్కువ. అయినా 1967 డిసెంబరులో ఏర్పడిన ఆగ్నేయాసియా మత్స్యాభివృద్ధి కేంద్రంలో అది తొలి భాగస్వామి అయింది. శిక్షణ విభాగం థాయిలాండ్‌కు, సముద్ర మత్స్య పరిశోధన విభాగం సింగపూరులోని చాంగీకి దక్కాయి. స్థలం ఆతిథ్య దేశానిది; నిపుణులు, పరికరాలు ప్రధానంగా జపాను సహాయం.

ఆ ఏడాదే మరో ఒడంబడిక కుదిరింది. 1942–45 నాటి జపాను ఆక్రమణలో జరిగిన హత్యాకాండకు పరిహారంగా 5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి జపాను అంగీకరించింది. అందులో సగం ఉచితం, సగం రుణం. సహాయం చేసే చేతికీ అందుకునే చేతికీ మధ్య ఆనాడు ఎంత చరిత్ర ఉన్నదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

చాంగీ విభాగం మొదట దక్షిణ చైనా సముద్రంలోని మత్స్య సంపదను అంచనా వేసే పని చేపట్టింది. 1970లలో తీరదేశాలు 200 నాటికల్ మైళ్ల వరకు హక్కు ప్రకటించుకోసాగాయి. అంత సముద్రం లేని సింగపూరుకు సర్వేల వల్ల కలిగే మేలు తగ్గింది. పట్టిన చేపను చెడకుండా నిలిపి, విలువ పెంచే పరిజ్ఞానం వైపు విభాగం మళ్లింది.

ఆ పరిజ్ఞానంలో ముఖ్యమైనది సురిమి. చేప మాంసాన్ని మెత్తగా చేసి చల్లని నీటిలో పలుమార్లు కడిగితే కొవ్వు, రక్తం, నీటిలో కరిగే ప్రోటీన్లు పోయి, కండర తంతువుల ప్రోటీన్లయిన ఆక్టిన్, మయోసిన్ మిగులుతాయి. ఉప్పు వేసి నూరి వేడిచేస్తే అవి వలలా అల్లుకుని సాగే గుణం గల ముద్ద అవుతుంది. ఘనీభవనంలో ఆ గుణం పోకుండా చక్కెర కలిపే పద్ధతిని 1960 ప్రాంతంలో హొక్కైడో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అది శీతల జలాల పొలాక్ చేపకు కుదిరిన పద్ధతి. ఉష్ణమండలపు చేపలకు దాన్ని మలచవలసి వచ్చింది. అమెరికా తన జలాలపై ఆంక్షలు విధించాక జపానుకు పొలాక్ కొరత ఏర్పడింది. తరువాతి కాలంలో థాయిలాండ్ సురిమికి జపాను పెద్ద కొనుగోలుదారు అయింది. అంటే ఈ పరిశోధన దాతకూ అక్కరకు వచ్చింది.

మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ చరిత్ర ఇందుకు భిన్నం. 1971లో ఏర్పడిన అంతర్జాతీయ సలహా బృందం పలువురు దాతల ధనంతో 1972లో దాన్ని నెలకొల్పింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ దాని ప్రధాన పంటలు. మెట్టరైతు జొన్నకోసం ఎదురుచూసే సంపన్న దేశం లేదు. కాబట్టి అటువంటి పరిశోధన దాతల నిబద్ధతపై మరింతగా ఆధారపడుతుంది. ఆ నిబద్ధత సడలితే లోటు పూడ్చవలసినది స్వదేశీ ప్రభుత్వమే.

సింగపూరు తన పాత్రనే మార్చుకున్నది. 1992లో ఇతర దేశాలకు సాంకేతిక శిక్షణనిచ్చే సహకార కార్యక్రమం ప్రారంభించింది. 2002లో నెలకొన్న టెమాసెక్ లైఫ్ సైన్సెస్ లేబొరేటరీ రూపొందించిన వరి వంగడం ఇండోనేసియా పొలాలకు చేరింది. దాత ప్రయోజనం ఉన్నంత మాత్రాన సహాయం వ్యర్థం కాదు. సర్వేలు తన అవసరానికి సరిపోవని తేలినప్పుడు పనిని మళ్లించుకోగలగడం, వచ్చిన విద్యను నిలుపుకోవడం గ్రహీత బాధ్యత. చాంగీ అనుభవం చెప్పేది అదే.