ఇంటి పెద్ద మాయమైతే

ఉమ్మడి కుటుంబంలో తాళంచెవులు, పొలం కాగితాలు, పిల్లల పెళ్లిళ్లు అన్నీ తండ్రి చెప్పుచేతల్లోనే ఉండేవి. ఆయన చెప్పాపెట్టకుండా మాయమైతే ఇంటికి దిక్కుతోచేది కాదు.

తండ్రి దేశాంతరం పోయినా ఆయన అప్పు కొడుకులు, మనవలే తీర్చాలంది యాజ్ఞవల్క్య స్మృతి. పన్నెండేళ్లు కబురు లేకపోతే మోదుగాకులతో, దర్భలతో మనిషి ఆకారం చేసి దహనం జరిపించే ఆచారం ఉండేది. అన్నాళ్లూ ఆ ఇల్లాలు పడిన వేదన చిన్నది కాదు.

1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షన్ కబురు లేని మనిషిని చనిపోయినట్టు భావించేందుకు కోర్టుల్లో ఏడేళ్ల గడువు పెట్టింది. 1955 హిందూ వివాహ చట్టం అదే గడువుతో విడాకులకు దారి చూపింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టమూ ఏడేళ్లనే ఉంచింది.

ఇంటి మనిషి కనిపించకపోతే వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయండి, ఆ నకలు భద్రంగా దాచుకోండి.