ఆటస్థలమున వైద్యసన్నాహము



పందెము నడుపువారు బరి గీయుట మరువరు, బహుమాన మేర్పరచుట మరువరు. పడినవానిని కాపాడు వా రెవరన్న ప్రశ్న మాత్రము చిరకాలము వెనుకబడియే యుండెను.

1912వ సంవత్సరము జూలై 14వ తేదీన స్వీడను రాజధాని స్టాక్‌హోములో ఒలింపిక్ మారథాను పరుగు జరిగెను. ఎండ తీవ్రము. పోర్చుగల్ దేశీయుడు ఫ్రాన్సిస్కో లాజరో సుమారు 30 కిలోమీటర్లు పరుగెత్తి కూలెను, మరునాడు మరణించెను. ఎండ తగులకుండ దేహమునకు మైనము పూసికొనెననియు, చెమట వెలువడక వేడి లోననే నిలిచెననియు చెప్పుదురు. పాప మతడు మేలని తలచి చేసినదే!

2003 జూన్ 26న ఫ్రాన్సులోని లియోన్ నగరమున కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే, ఎవరును తాకకయే, ఫుట్‌బాల్ ఆట నడుమ నేలకొరిగెను. వైద్యులు ముప్పాతిక గంట పాటుపడిరి గాని ప్రాణము దక్కలేదు. 2021 జూన్ 12న కోపెన్‌హాగెనులో డెన్మార్కు ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ అట్లే కూలెను. వైద్యులు తత్‌క్షణమే రొమ్ము నదిమి, యంత్రముచే విద్యుద్ఘాతమిచ్చి, ఆగిన గుండెను అచ్చటనే మరల ఆడించిరి. మరుసటి యేడతడు తిరిగి ఆటకు దిగెను. ఇరువురి గుండెజబ్బు ఒకటేయని నేననను. కాని గుండె ఆగినపిమ్మట ప్రతి నిమిషమునకును బ్రతుకు ఆశ నూటికి 7 మొదలు 10 పాళ్ళు తరుగునని వైద్యుల లెక్క.

మన తిరునాళ్ళ చెడుగుడు బరిచెంత అట్టి యంత్రము లేకపోవచ్చును. రెండు చేతులుండును గదా! రొమ్ము నడుమ, రెండంగుళముల లోతున, నిమిషమునకు 100 మొదలు 120 మారులు అదుముచు, 108 బండి వచ్చువరకు ఆపకుండవలెను. ఈ పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలవారు లోకమునకు వెల్లడించిరి.